పెరటాసి ఫ్రీజరు

వెంకన్నకు ఇష్టమైన పెరటాసి నెలలో మాంసం తినకూడదని మాత్రమే పెద్దలు చెప్పారనీ, కొనకూడదని ఎక్కడా చెప్పలేదనీ కనిపెట్టిన ఘనత తిరుపతి వాస్తవ్యులు, విశ్రాంత స్టోర్సు సూపరింటెండెంటు, వీధి భజన మండలి అధ్యక్షులు శ్రీ వెంకటముని గారికే దక్కుతుందని ఇందుమూలంగా తెలియజేయడమైనది. పెరటాసి వస్తే ఊరు ఊరంతా నామాలు పెట్టుకుని నీసు మానేస్తుందని మీకు తెలిసిందే. తినేవాళ్లు లేక కోడి ధర పడిపోతుంది. నెల దాటిన మొదటి ఆదివారం అదే ధరకు రెక్కలొస్తాయి. చవకగా ఉన్నప్పుడు తినం, తినేటప్పుడు చవకగా ఉండదు. ఇంత పెద్ద నష్టం ఇన్నేళ్లుగా ఎవరి కంటా పడకపోవడం ఆయన్ని చాలా బాధించింది.

పొదుపు ఆయనకు కొత్త కాదు. రిటైరైన మర్నాడే వంటింటి పరిపాలనను స్వాధీనం చేసుకున్నాడు. వారానికి సరిపడా వంట ఆదివారమే చేయించి, డబ్బాల్లో పోయించి, తేదీలు అంటించి గడ్డకట్టించాడు. స్టోర్సులో ముందొచ్చిన సరుకు ముందు పోవాలి గనక ఇంట్లో కూడా ముందు వండింది ముందు తినాలన్నాడు. దాంతో ఇవాళ వండింది ఇవాళే తినడమనే దుబారా ఆ ఇంట్లో పూర్తిగా ఆగిపోయింది. పులుసు ఇటుకల్లా వచ్చేది, పప్పు పలకల్లా వచ్చేది. రాగిసంగటి ఒక్కటే సహకరించలేదు. ఫ్రీజరులోంచి తీసిన ముద్దను భార్య పంకజాక్షి రోకలితో కొడితే కింద బండకు గీత పడింది గానీ ముద్దకు ఏమీ కాలేదు. ఆయన దాన్ని ప్రయోగ ఫలితంగా స్వీకరించి, సంగటిని పథకం నుంచి మినహాయించాడు.

ఈ ఏటి పథకం వెనక పరువు కూడా ఉంది. కూతుర్నిచ్చిన సత్యవేడు వియ్యంకుడు మునిచంద్ర పోయిన ఎండాకాలం ఇంటికి పిలిచి నాటుకోడి, పొట్టేలు, రొయ్యలు మూడూ వడ్డించి, "మాకు చేతనైంది ఇంతే బావా" అన్నాడు. ఆ వినయం వెంకటమునికి ఇప్పటికీ అరగలేదు. పెరటాసి పోయిన మొదటి ఆదివారం మా ఇంట్లో విందు అని మాటిచ్చేశాడు. ఆ మూడింటికీ తలకాయ కూర తోడు చేయకపోతే ఇక సత్యవేడు బస్సెక్కే ముఖం తనకు ఉండదని ఆయన నిజంగానే నమ్మాడు.

పంకజాక్షి మాత్రం ఒక్క మాటతో తేల్చేసింది. "పెరటాసిలో ఇంట్లోకి నీసొచ్చిందంటే నేను మా నాయన కాడికి పోతా. నీ డబ్బాలు నువ్వే కరిగించుకో."

సూపరింటెండెంటు అనుభవం ఇలాంటప్పుడే అక్కరకొస్తుంది. పెరట్లోని గదిలో స్టెల్లా అని ఒక అమ్మాయి అద్దెకుంటోంది. జాకెట్లు కుడుతుంది, ఆదివారం చర్చికి పోతుంది. కనుక పెరటాసి ఆమెకు వర్తించదు. పైగా ఆమె గదికి మీటరు వేరు. మీటరు వేరైతే ఇల్లు వేరేనని కరెంటోళ్లే ఒప్పుకున్నాక దేవుడు కాదంటాడా? మూతబడిన ఐస్‌క్రీం అంగడి నుంచి పాత ఫ్రీజరు కొనుక్కొచ్చి, మధ్యాహ్నం వీధంతా కునుకు తీస్తుండగా ఆమె గదిలో దించేశాడు. స్టెల్లా కుట్టుమిషనును గుమ్మం దాకా జరుపుకుంది.

"మరి కరెంటు బిల్లు, సార్?" అంది.

"సర్దుకుందాంలేమ్మా" అన్నాడాయన. ఎవరు సర్దుకోవాలో చెప్పలేదు.

ఇక కొనడమే తరువాయి. అయితే హజరత్ వలి మాంసం అంగట్లో ధర వింటే ఆయనకు తల తిరిగింది.

"ఏమప్పా, పెరటాసిలో ఈ రేటేంది? జనానికి భక్తి ల్యాకుండా పోయిందా?"

"భక్తి ఉండబట్టే గదా సామీ" అన్నాడు హజరత్ వలి కత్తి నూరుకుంటూ. "నెలంతా తినకుండా ఉండల్ల గదా, అందరూ ఇప్పుడే కొని పెట్టుకుంటా ఉండారు. ఏటా ఈ నెల అంగడి మూసి మా అల్లుడి ఊరికి పోయేవాణ్ణి. ఈ ఏడు కూసునేదానికి గూడా తీరిక ల్యా."

పక్క వీధుల జనం ఇంతగా దిగజారినందుకు వెంకటముని నొచ్చుకున్నాడు. నొచ్చుకుంటూనే రెండు తలకాయలు ఎక్కువ కట్టించుకున్నాడు. మామూలు నెలల కంటే ధర ఎక్కువే పడింది. అయినా ఇదంతా పొదుపు కోసమే గనక ఆయన బాధపడలేదు.

ఈ రహస్యాన్ని ఆయన ఎవరికీ చెప్పలేదు, మండలి కార్యదర్శికి తప్ప. అదీ ఒట్టు వేయించుకుని చెప్పాడు. ఆ ఒట్టు వారం తిరక్కుండా వీధంతా తిరిగొచ్చింది. జాకెట్టు గుడ్డలిచ్చే వాళ్లలా ఒక్కొక్కరే సంచితో స్టెల్లా గుమ్మం తొక్కారు. "మా అధ్యక్షులకు మాత్రం తెలీనియ్యొద్దమ్మా" అని అందరూ ఒకే మాట చెప్పి పోయారు. ఆమె ఎవరి గుట్టు వాళ్లకే ఉంచింది. ఆ వాసన మధ్య కుట్టీ కుట్టీ కోడి పేరెత్తితేనే ఆమె ముక్కు మూసుకునేది. మనసులో కూడా నీసు తలవకుండా ఆ వీధిలో పెరటాసి జరుపుకున్నది ఆమె ఒక్కతే.

మూడో శనివారం భజన ముగిశాక అధ్యక్షుల వారు ప్రసంగించారు. "సోదర సోదరీమణులారా, నాలుకను గెలిచినవాడు లోకాన్నే గెలిచినట్టు. మాంసం మానడం గొప్ప కాదు. మాంసం మీద ధ్యాస మానడం గొప్ప. మన వీధి ఈ జిల్లాకే ఆదర్శం కావాలి." అందరూ కళ్లు తుడుచుకున్నారు. కార్యదర్శి అయితే వెక్కి వెక్కి ఏడ్చాడు.

నెలకు కూడా ఆఖరి రోజైన ఆఖరి శనివారం, పంకజాక్షితో సహా మండలి యావత్తూ మెట్ల దారిన కొండకు బయల్దేరింది. మర్నాటి విందుకని మునిచంద్ర కూడా సత్యవేడు నుంచి వచ్చి కలిశాడు. సగం మెట్లెక్కారో లేదో వెంకటముని ఫోను మోగింది. స్టెల్లా.

"సార్, వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. సాయంత్రం దాకా కరెంటు రాదంట. అంతా కరిగి కారతా ఉండాది. ఏం చేసేది?"

చుట్టూ భక్తులు, పక్కనే వియ్యంకుడు. "ఏది ధర్మమో అది చెయ్యమ్మా, గోవిందా" అని ఆయన ఫోను పెట్టేశాడు. కాసేపటికి కార్యదర్శి ఫోను మోగింది. ఆ తర్వాత కోశాధికారిది. ఒక్కొక్కరే మెట్ల పక్కకు పోయి అదే ధర్మం, అదే గోవింద చెప్పి వచ్చారు. పక్కవాడి ఫోను ఏదో ఇంటి కబురని ఎవరికి వారు అనుకున్నారు.

సాయంత్రం దిగొచ్చి వీధి మొగలో అడుగు పెట్టేసరికి ధనియాల మసాలా వాసన ఎదురొచ్చింది. పాడుకుంటూ వస్తున్న భజనకు తాళం తప్పింది. పెరట్లో కట్టెల పొయ్యిల మీద చర్చి నుంచి తెచ్చిన పెద్ద పెద్ద వంట అండాలు ఉడుకుతున్నాయి. చీరకొంగు ముక్కుకు కట్టుకున్న స్టెల్లా గరిటెతో గేటు దగ్గరకొచ్చింది.

"పాడైపోతాదని వండేసినాను సార్. విడివిడిగా వండేదానికి కుదరక అందరివీ కలిపేసినా. ఎవురిది ఎంతో చెప్తే గిన్నెల్లో ఏసిస్తా."

అందరివీ అన్న మాట వీధి మీద పిడుగులా పడింది. వెంకటముని కార్యదర్శిని చూశాడు, కార్యదర్శి కోశాధికారిని చూశాడు, కోశాధికారి ఆకాశాన్ని చూశాడు. వెంకటమునికి దుఃఖం పొంగుకొచ్చింది. నాదీ అంటే అధ్యక్ష పదవితో పాటు పంకజాక్షీ పోతుంది. నాది కాదంటే రేపు వియ్యంకుడి ముందు పప్పు పలక కరిగించాలి. నుదుటి మీద నామం చెమటకు కారుతుండగా, "దీనితో మాకేం సంబంధం లేదమ్మా" అన్నాడు. అధ్యక్షులు దారి చూపించాక మిగతావాళ్లకు కష్టం కాలేదు. ఇల్లిల్లూ వరసగా సంబంధం తెంచుకుంది.

"ఎవురిదీ కాకపోతే మంచిదే" అని స్టెల్లా ట్రాన్స్‌ఫార్మర్ బాగుచేస్తున్న లైన్‌మెన్లను, మునిసిపాలిటీ చెత్తబండి వాళ్లను పిలిచి కూర్చోబెట్టింది. వాళ్లు తలకాయ కూర జుర్రుకుంటుంటే వీధంతా గోడకానుకుని, చేతులు కట్టుకుని, గుటకలు మింగుతూ నిలబడింది.

"ఎవురు పెట్టినారో గానీ సల్లగా ఉండల్ల" అన్నాడొక లైన్‌మన్ ఎముక చీకుతూ.

వెంకటముని తల దించుకున్నాడు. అప్పుడు మునిచంద్ర ఆయన్ని పక్కకు లాగి, గొంతు తగ్గించి అడిగాడు.

"అది ఎవురిదో నాకెందుకు గానీ బావా, కరెంటు ఈడ మాత్రమే పోయిందా, అన్ని సోట్లా పోయిందా?"

"ఎందుకు బావా?"

"మాది గూడా ఆడ ఏబెల్ ఇంట్లో పెట్టినాము. మా పక్కింటోడే, చర్చికి పొయ్యేటోడు."

అంటూనే మునిచంద్ర ఫోను కలిపాడు. "ఏబెలూ, ఆడ కరెంటు ఉండాదా?" ఏబెల్ చర్చి దగ్గరున్నాడట, ఇంటికి పోయి చూసి చెబుతానన్నాడు. "ఉంటే రేపు అది ఈడికే తెప్పిస్తా బావా. నీ ఇంట్లోనే వండుకుందాం. నువ్వు పెట్టినట్టే అనుకుంటాం" అన్నాడు మునిచంద్ర, ఫోను చెవికి ఆనించుకునే.

వెంకటమునికి పోయిన ప్రాణం లేచొచ్చింది. కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించాడు. నెల పొడుగునా భజనలో అలవాటుగా పలికిన పేరును ఈసారి గుండె లోతుల్లోంచి, కన్నీళ్లతో పిలిచాడు.

"గోవిందా."

వెనకాల వీధి వీధంతా గొంతు కలిపింది.