గుర్తుల్లేని దారి

శనివారం పొద్దున్న ఆరింటికి వెర్లన్ టెబ్స్ వేసుకున్న పథకం చిన్నదే. బండి దిగి, లోయలోకి దిగి, మూడు మైళ్ళు నడిచి, ఎర్రటి రాతిగోడలో ఉన్న ఒకే ఒక్క సందులోంచి పైకెక్కి బండి దగ్గరికి చేరి, ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి భోంచెయ్యడం. దక్షిణ యూటా ఎడారిలోని ఆ దారికి బోర్డు లేదు, పటంలో గీత లేదు. నలభై ఏళ్ళుగా అది వెర్లన్ బుర్రలోనే ఉంది. ఈమధ్య పట్నం వాళ్ళెవరో ఆ చుట్టుపక్కల లేని నల్లరాళ్ళు మోసుకొచ్చి, మలుపు మలుపుకీ మూడేసి పేర్చి పోతున్నారని ఆయనకు ఒళ్ళుమంట.

"పోయిన వారం ఒకటి తన్నేశాను. ఇవాళ మిగతావి," అన్నాడు.

"ఏది తన్నావు?" అంది భార్య నోర్డా.

"సందు దగ్గరది."

తనూ వస్తానని నోర్డా బూట్లు తొడుక్కుంది.

"నీ మోకాలో?"

"మోకాలు నాది. నువ్వు నడువు."

లోయలో జూనిపర్ చెట్టు కింద మొదటి మూడు రాళ్ళు కనబడ్డాయి. "దారి కనుక్కోవడం చేతకాని వాళ్ళు ఇంట్లో కూర్చోవాలి!" అంటూ తన్నాడు. రాళ్ళు దొర్లాయి. బూటు తాడు ఊడిందంటూ నోర్డా వెనక ఉండిపోయింది. రెండోచోట ఆమె బూట్లో ఇసుక పడింది. మూడోచోట మళ్ళీ తాడు.

"కొత్త తాళ్ళు కొనుక్కో, మహాతల్లీ!"

పదకొండింటికి గోడ దగ్గరికి చేరారు. సందు లేదు. కుడికి నడిచారు, ఎడమకు నడిచారు. గోడంతా ఒకేలా ఉంది. "ఈ వంపు దాటితే అదే," అన్నాడు వెర్లన్. వంపు దాటితే మళ్ళీ మొదటి జూనిపర్ చెట్టే వచ్చింది. దాని కింద మూడు నల్లరాళ్ళు నిటారుగా ఉన్నాయి.

"ఇందాకేగా పడగొట్టాను!"

"వేరే చెట్టేమో," అంది నోర్డా, ఎటో చూస్తూ.

ఈసారి బలంగా తన్నాడు. గంట తిరిగాక మళ్ళీ అదే చెట్టు. రాళ్ళు మళ్ళీ లేచి నిలబడ్డాయి. వెర్లన్ వంగి ఇసుక చూశాడు.

"ఇద్దరు! మన వెనకే తిరుగుతున్నారు. ఒకడి కాలు అచ్చం నా కాలంతుంది."

"బూటు ముద్ర కూడా నీదేనయ్యా."

"నా బూట్లలాంటివే కొనుక్కున్నాడు, దొంగ వెధవ! పట్టుకుంటాను."

బండరాయి వెనక నక్కారు. ఎండ నడినెత్తికొచ్చింది. ఒక కాకి వచ్చి, ఇద్దరినీ చూసి, వెళ్ళిపోయింది. నాలుగు సీసాల నీళ్ళలో ఒకటి మిగిలింది.

"ఈ నీళ్ళతో మూడింటిదాకా ఉంటాం. ఆ తర్వాత ఉండం," అంది నోర్డా.

"వాణ్ణి పట్టుకోకుండా కదల్ను."

"అయితే నన్ను పట్టుకో."

"ఏంటీ?"

"ఆ రాళ్ళు పెట్టిందీ, ఇవాళ నువ్వు తన్నినవి మళ్ళీ నిలబెట్టిందీ నేనే. అక్టోబరులో ఐదు గంటలు ఆలస్యంగా వచ్చి, పొద్దు గుంకడం చూస్తూ కూర్చున్నానన్నావు. పెదాలు పగిలి నెత్తురొస్తోంది నీకు. మర్నాడు నీ అడుగుల వెంబడే వచ్చాను. నువ్వు తిరిగి తిరిగి వెనక్కొచ్చిన ప్రతిచోటా మూడు రాళ్ళు పేర్చాను. మన పెరటి గోడవే. నీకు అవి కూడా గుర్తు రాలేదు."

"మరి పట్నం వాళ్ళు?"

"ఎవరూ రాలేదు. ఈ దారి ఎవరిక్కావాలయ్యా?"

వెర్లన్ చాలాసేపు తన బూట్లు చూసుకున్నాడు.

"సందెక్కడో నాకూ రాయి ఉంటేనే తెలుస్తుంది. దాన్నే ముందు తన్నావు. నల్లరాళ్ళు ఎక్కడ పడ్డాయో వెతుకు," అంది.

ఇద్దరూ గోడ వెంబడి తలవంచుకుని నడిచారు. సీసాలో గుక్కెడు మిగిలేసరికి మొదటి రాయి వెర్లన్‌కే దొరికింది. మిగతా రెండూ పొదలో ఉన్నాయి. తలెత్తితే సందు కనబడింది. ఆయన మూడింటినీ తెచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చాడు. మీదది జారింది. నోర్డా సరిచేసింది.

బండి దగ్గర తాళాలు ఆమె చేతిలో పెట్టాడు, పెళ్ళయ్యాక మొదటిసారి. ఆమె తీసుకుని బండి నడిపింది. వాళ్ళ వీధి మలుపులో, తపాలా పెట్టె కింద, మూడు నల్లరాళ్ళు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

"పట్నం వాళ్ళు ఇక్కడిదాకా వచ్చేశారన్నమాట," అన్నాడు వెర్లన్.

వచ్చేశారంది నోర్డా.