గలీబులో పెళ్లి సూటు

శుక్రవారం పొద్దున కాఫీ తాగుతూనే వెర్నా లిండ్‌క్విస్ట్ ప్రకటించేసింది, అలమర సర్దడానికి ఒక్క డాలరు కూడా ఖర్చు పెట్టనని. మర్నాడు కూతురు కారిన్ పెళ్లి. మిన్నెసోటా నలుమూలల నుంచీ చుట్టాలు దిగుతారు, వాళ్ల చలికోట్లు తగిలించడానికి చోటుండాలి. దుకాణంలో అలమర సర్దే సరంజామా ధర చూసొచ్చిన దగ్గర్నుంచి ఆవిడకు పంతం పట్టుకుంది.

"చిరిగిన దుప్పట్లున్నాయి, పాత దిండు గలీబులున్నాయి, కుట్టుమిషనుంది, నేనున్నాను. ఇంకేం కావాలండీ?"

"నేను నోరు మూసుకోవడం," అన్నాడు భర్త ఆర్విడ్. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయనకు బాగా పట్టుబడిన విద్య అదొక్కటే.

పది కొట్టేసరికి చిరిగిన దుప్పటి కాస్తా బూట్లు పెట్టుకునే జేబుల తెరగా మారింది. మరకల బల్లగుడ్డ అరల మీద పరుచుకుంది. గలీబుల అడుగున చిన్న కన్నం చేసి, హ్యాంగరు కొక్కెం అందులోంచి పైకి లాగి, మంచి బట్టలకు ముసుగులు తొడిగింది. ఒకదాంట్లో తన నీలం గౌను. ఇంకోదాంట్లో ఆర్విడ్‌కున్న ఒకే ఒక్క నల్లసూటు, సన్నగా ఉన్న రోజుల్లో కొన్నది. దాని లోపలి జేబులో ఒక కాగితం ఉంది. పెళ్లివిందులో పెళ్లికూతురి తండ్రి చెప్పాల్సిన నాలుగు మాటలు పదకొండు రోజులు కూర్చుని రాసుకున్నాడు పాపం. దానికి రెండో ప్రతి లేదు.

అలమరకు తెల్లరంగు పూసి, ఆరేదాకా ముసుగులన్నిటినీ వరండాలో తగిలించి, వెర్నా కేకు సంగతి చూడటానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి వరండా ఖాళీ. తలుపుకి ఒక చీటీ అంటించి ఉంది: "దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. చర్చి పాతబట్టల కమిటీ."

ఇవ్వదలచిన బట్టలు ప్లాస్టిక్ సంచుల్లో వద్దు, పాత గలీబుల్లో పెట్టి శుక్రవారం వరండాలో ఉంచండని చర్చివాళ్లు ఊరంతా చాటించారు. ఆ ప్రకటన రాసిచ్చింది స్వయానా వెర్నాయే.

"మీరు ఇంట్లోనే ఉన్నారు కదండీ! తీసుకుపోతుంటే చూడలేదా?"

"చూడకపోవడమేంటి? తలుపు తెరిచి పట్టుకున్నది నేనే. నువ్వే ఇమ్మన్నావనుకున్నా."

"అందులో మీ సూటుంది!"

"నా కాగితం," అన్నాడు మెల్లగా.

చర్చి కింది హాల్లో అప్పటికే ఆ పాతబట్టల అమ్మకం జోరుగా సాగుతోంది. పొరపాటైంది, నా బట్టలు నాకిచ్చేయండి అని చెప్పడానికే వెళ్లింది వెర్నా. నోరు తెరిచేలోపే కమిటీ పెద్ద మిసెస్ టోర్గర్సన్ చెయ్యి పట్టుకుని అందరి ముందుకూ లాక్కుపోయింది.

"ఇస్త్రీ చేసి, ముసుగు తొడిగి మరీ ఇచ్చింది! కూతురి పెళ్లి పెట్టుకుని కూడా! దానమంటే ఇదమ్మా!"

హాలంతా చప్పట్లు. ఇక ఆ ఊళ్లో పుట్టిపెరిగిన ఏ ఆడదీ 'తిరిగివ్వండి' అనగలదా? వెర్నా నవ్వింది, ఇచ్చిన కాఫీ తాగింది. తరవాత తన గౌను తనే డబ్బిచ్చి కొనుక్కుంది.

"ఇచ్చిన బట్టనే మళ్లీ కొంటోంది, చూశారా! ఎంత మనసో!" మళ్లీ చప్పట్లు.

నల్లసూటు మాత్రం లేదు. ఎవరో పొరుగూరాయన, సన్నగా పొడుగ్గా ఉన్నాడట, ముసుగుతో సహా పట్టుకుపోయాడట. చేసేది లేక అక్కడే వేలాడుతున్న బూడిదరంగు సూటొకటి కొని తెచ్చింది.

ఆర్విడ్ తొడుక్కుని బొత్తాం పెట్టాడు. ఆశ్చర్యంగా చూశాడు. "ఊపిరాడుతోందే!"

"మరింకేం? రేపు గుర్తున్నంత చెప్పేయండి."

"గుర్తుండేవాణ్నయితే రాసుకుంటానా?"

మర్నాడు విందులో ఆర్విడ్ లేచి నిలబడ్డాడు. గ్లాసు పట్టుకున్నాడు. "కారిన్..." అన్నాడు. అంతే. హాలంతా ఎదురుచూస్తోంది, కారిన్ కళ్లు తండ్రి మీదే ఉన్నాయి. ఆయన పెదాలు కదులుతున్నాయి గాని మాట రావడం లేదు. వెర్నాకు తన గలీబులన్నీ తగలబెట్టేయాలనిపించింది.

ఎదురుగా నల్లసూటులో కూర్చున్న వియ్యంకుడు లైల్, చేతిరుమాలు కోసం లోపలి జేబులో చెయ్యి పెట్టి ఒక కాగితం బయటికి తీశాడు. మొదటి వరస చదివాడు. కోటు వంక చూసుకున్నాడు, ఆర్విడ్ వంక చూశాడు. కాగితాన్ని బల్ల మీదుగా మెల్లగా తోశాడు.

"బావగారూ, ఇది మీదనుకుంటా."

ఆర్విడ్ చదివాడు. "కారిన్, నువ్వు పుట్టిన రోజు మంచు తుపాను. ఆసుపత్రికి వెళ్లే దారంతా నేనొక్క మాటా మాట్లాడలేదని మీ అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. భయమేసి మాట్లాడలేదు తల్లీ. ఇవాళా అంతే." కారిన్ పరుగున వచ్చి తండ్రిని చుట్టేసుకుంది. మిసెస్ టోర్గర్సన్ కూడా ముక్కు చీదింది.

చప్పట్లు ఆగాక లైల్ ముందుకు వంగాడు. "డాక్టరు పుణ్యమా అని ఈ ఏడు బాగా చిక్కాను. నిన్న మీ ఊళ్లో దిగగానే మా ఆవిడ నన్ను మీ చర్చికి లాక్కెళ్లి, నా పాత సూటు అక్కడిచ్చేసి, ఇది కొంది. బూడిదరంగు మీకు బాగా నప్పింది బావగారూ."

వియ్యపురాళ్లిద్దరూ ఒకేసారి కేకు వంక చాలా శ్రద్ధగా చూడసాగారు.

ఆ గలీబులు ఇప్పటికీ అలమరలోనే ఉన్నాయి. ఒక్కోదాని మీద 'ఇవ్వడానికి కాదు' అని ఎర్రదారంతో కుట్టి ఉంటుంది. బూడిదరంగు సూటు మీదున్నదానికి మాత్రం రెండువైపులా.