సేవకు సెలవు లేదు

"బాన్సువాడ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, వచ్చే సోమవారం మొదలు వారం దినములు క్రైస్తవ యువజన సంఘం వారు ఊరికి సేవ చేయుదురు. ఇందుకుగాను వారేమియు పుచ్చుకొనరు!"

ఈ మాటలు రాసినవాడు సంఘం సెక్రటరీ లాజరు. దిద్దినవారు పాస్టరు ఆశీర్వాదం గారు. అంగడి నాడు డప్పు కొట్టి చాటినవాడు తలారి నర్సింలు. నర్సింలు తన జన్మలో చావు కబుర్లు చాటాడు, పన్ను కబుర్లు చాటాడు, తప్పిపోయిన ఎడ్ల ఆనవాళ్లు చాటాడు. ఇలాంటిది మాత్రం చాటి ఎరగడు. చివరి మాట దగ్గర డప్పు ఆపి, పక్కనే నిలబడ్డ లాజరును అడిగాడు.

"ఇప్పుడు పుచ్చుకోరు సరే. పంటలొచ్చినంక పుచ్చుకుంటరా?"

"ఎప్పుడూ పుచ్చుకోం."

"నీకు పానం బాగనే ఉన్నదా అన్నా?"

లాజరు జాలిగా నవ్వాడు. అతను మిషన్ బడిలో పంతులు. నిజామాబాదులో యువజనుల సభకు వెళ్లి ఒక బ్యాడ్జీ, ఒక ఇంగ్లీషు మాట పట్టుకొచ్చాడు. ఆ మాట సర్వీస్ వీక్. బ్యాడ్జీ చొక్కాకు, మాట నోటికి తగిలించుకుని తిరుగుతున్నాడు.

ఇంట్లో మాత్రం ఆ మాట చెల్లలేదు. తండ్రి ఏసయ్య వయసులో ఉన్నప్పుడు అధికారుల మూటలు మోసి, చావడి ఊడ్చి, నీళ్లు చేది, గుర్రాలకు గడ్డి కోసినవాడు. అంతా వెట్టి. కూలి అడిగితే చెప్పు చూపించేవాళ్లు. ముసలి మిషన్ దొర కచేరీల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగి, క్రైస్తవులతో వెట్టి చేయించరాదని ఒక హుకుం తెచ్చాడు. క్రైస్తవుల వాడ నడుము అప్పుడు లేచింది. అందుకే ఏసయ్య ప్రార్థనలో కూడా మోకాళ్లే వంచుతాడు గాని నడుము వంచడు.

"బిడ్డా, గీ ఊర్ల ఒకపారి ఊకెనే చేస్తే పుణ్యం. రెండోపారికి గది మామూలైతది" అన్నాడు.

"నువ్వింకా వెట్టి కాలంలనే ఉన్నవ్ నాయినా. ఇది వాలంటరీ."

"గదేంది?"

"మన ఇష్టంతోటి చేసుడు."

"మన ఇష్టమని పటేలుకు ఎర్కనా?"

లాజరు దీన్ని వెనకబాటుతనం కింద జమ కట్టాడు.

యుద్ధం నడుస్తున్న రోజులు. నలుగురు కూడాలంటే సర్కారు ఇజాజత్ కావాలి. పది ఊళ్ల మీద రెవెన్యూ పెత్తనం చేసే గిర్దావరు ఆబిద్ సాహెబ్ చావడిలో మకాం ఉండగా, లాజరు, పాస్టరుగారు వెళ్లి సలాం చేశారు. పటేలు పక్కనే పీట మీద కూర్చున్నాడు.

"ఝాడూ పట్టి గల్లీలు ఊడుస్తరా? కాంగ్రెసోళ్లా మీరు?" అన్నాడు గిర్దావరు.

"కాదు సాబ్, క్రైస్తవులం."

"ఖద్దరు కడ్తరా?"

"మిల్లు బట్టనే సాబ్."

"ఇంక్విలాబ్ అని నారాలు ఇస్తరా?"

"కీర్తనలు పాడతాం" అన్నారు పాస్టరుగారు.

"కీర్తనల ఎవరి పేరున్నది?"

"ప్రభువు పేరండి."

గిర్దావరు ఏలినవారుండే హైదరాబాదు దిక్కు తిరిగి భక్తిగా చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు. "అట్లైతే మంజూర్" అన్నాడు. ఏ ప్రభువో విడమరిచి చెప్పే అవసరం పాస్టరుగారికి కనిపించలేదు.

పటేలుకు ఒకే సందేహం మిగిలింది. "సేవ ఎవరికి చేస్తరు పంతులూ?"

"ప్రజలకు పటేలా."

"ప్రజలంటే?"

"అందరూ."

"అందర్ల నేను ఉన్నట్టా, లేనట్టా?"

లేడనే ధైర్యం లాజరుకు లేదు. పటేలు సంతోషించాడు.

సోమవారం బ్యానరు ముందు నడవగా, యువజనులు పాటలు పాడుతూ అంగడి వీధి మోరీల్లో బురద ఎత్తిపోశారు. మంగళవారం పటేలు పశువుల కొట్టంలో పేడ ఎత్తారు, పశువులు కూడా సృష్టిలో భాగమే గనుక. తర్వాత గిర్దావరు మకాంకు నీళ్లు మోశారు, కట్టెలు కొట్టారు, కోళ్లు పట్టుకొచ్చి బొచ్చు పీకారు. ఇది ప్రజాసేవ ఎలా అవుతుందని సంఘంలో ఒకరిద్దరు గొణిగితే, పటేలు ఓపికగా వివరించాడు. "సాబ్ పది ఊర్ల పని చూస్తడు. ఆయన కాళ్లొత్తితే పది ఊర్లకు హోల్‌సేల్‌గ సేవ చేసినట్టే గద." లాజరు ఈ తర్కాన్ని ఎంతగానో మెచ్చుకున్నాడు. సాహెబ్ ఎడమ కాలు అతనే ఒత్తాడు.

చావడి ఊడ్చే వెట్టి భూమవ్వది. పండ్లన్నీ ఊడిన ముసలమ్మ. తన చీపురు లాజరు చేతిలో చూసి మొదట గుండెలు బాదుకుంది. పంట మీద తనకు దొరికే నాలుగు గింజలు ఈ పంతులు ఎగరేసుకుపోతాడని ఆమె భయం. అతను ఏమీ పుచ్చుకోడని తెలిశాక అరుగెక్కి పొగాకు దవడన పెట్టుకుని కూర్చుంది.

"మూలలు ఇడిశినవ్ బిడ్డా. గట్ల ఊకితే పటేలు తంతడు. నడుము వంచు."

వారం చివర ముగింపు సభలో గిర్దావరు లాజరు మెడలో బంతిపూల దండ వేశాడు. బాన్సువాడ యువకుల మనసు పాలలాంటిదన్నాడు. లాజరుకు కళ్ల నీళ్లు తిరిగాయి.

మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడైంది. నర్సింలు.

"అన్నా, నీళ్లకు రమ్మంటుండు పటేలు."

"వారం అయిపోయింది నర్సింలూ."

"అయితేంది? మల్లొచ్చింది గద. వారమంటేనే మల్లొచ్చేది."

లాజరు ఉరుకులు పరుగుల మీద పటేలు ఇంటికి వెళ్లి, క్రైస్తవులతో వెట్టి చేయించరాదన్న హుకుం గుర్తు చేశాడు. పటేలు చెవులు మూసుకున్నాడు.

"వెట్టా? గా పాపపు మాట నా ఇంట్ల అనకు పంతులూ. హుకుం ఉన్నది, మీతోటి వెట్టి చేపిస్తే నా పటేల్‌గిరి పోతది. ఇది సేవ. సేవ చేపియ్యొద్దని ఏ హుకుంల ఉన్నది?"

ఏ హుకుంలోనూ లేదు. ముసలి దొరకు అంత దూరం తోచలేదు.

యువజనులు నీళ్లు మోశారు. ఆదివారాలు కూడా మోశారు. లాజరు బడికి ఆలస్యంగా వెళ్లి, ముంజేతుల పేడ కడుక్కుని పాఠం చెప్పేవాడు. వాడలో ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. ఒకప్పుడు హుకుం వచ్చిందని పండగ చేసుకున్న ముసలివాళ్లు అతను కనిపిస్తే మొహం తిప్పుకునేవాళ్లు, అంతే. అది తిట్టుకన్నా ఎక్కువగా తగిలేది.

చివరికి ఏసయ్యే, కొడుకుతో మాట మానేసి ఉన్నా, అతన్ని వెంటబెట్టుకుని గిర్దావరు దగ్గరికి వెళ్లాడు.

"సాబ్, మీ కాల్మొక్త. మమ్ముల వెట్టిలనే ఏసుకోండ్రి."

గిర్దావరు ఉలిక్కిపడ్డాడు. "దీవానా అయినవా ముసలోడా?"

"వెట్టికైతే పంట మీద నాలుగు గింజలిస్తరు సాబ్. వెట్టికైతే మాకు హుకుం అడ్డమున్నది. గీ సేవకు ఏం లేదు, అడ్డం లేదు, ఆదివారం లేదు."

"వెట్టి యాడున్నది? నేను ఖతం చేసిన! పైకి రాసిన గూడ. బాన్సువాడల వెట్టి లేదు, అందరూ ఖుషీగ సేవ చేస్తుండ్రు అని. తరక్కీ గూడ మంజూరైంది, ఇంకా పెద్ద నౌకరీ."

నిజమే. పైవాళ్లు ఎంతో సంతోషించారు. ఆ రాతను నిజం చేయడానికి పటేలు కష్టపడ్డాడు కూడా. ఊళ్లో వెట్టి చేసేవాళ్లందరినీ, నర్సింలుతో సహా, క్రైస్తవ యువజన సంఘంలో చేర్పించాడు. భూమవ్వ కూడా యువజనురాలైంది. సేవకు గింజలుండవు గనుక ఆమె నాలుగు గింజలూ నిలిచిపోయాయి. జిల్లా మొత్తంలో ఇంత పెద్ద యువజన సంఘం మరొకటి లేదని పాస్టరుగారు మిషనుకు జాబు రాసుకున్నారు.

తరక్కీ మీద గిర్దావరు బీర్కూరు మకాంకు బయలుదేరిన రోజున సంఘం యావత్తూ సామాను మోసింది. ముందు బ్యానరు, వెనక పెట్టెలు, పరుపులు, కోళ్ల గంప. గిర్దావరు గుర్రం మీద. లాజరు నెత్తిన ఇనప ట్రంకు. భూమవ్వ నెత్తిన హుక్కా సామాను. చెరకు తోటల పక్క దుమ్ములో నడుస్తుంటే, వెనక ఆమె ఆయాసం లాజరుకు వినబడుతూనే ఉంది.

"ఆగుదామా అవ్వా?"

"ఆగితే ఎత్తేటోళ్లెవరు బిడ్డా? నడు."

బీర్కూరు బంగళా మెట్ల మీద తహసీల్దారు సాహెబ్ నిలబడి ఉన్నాడు. తరక్కీకి పైకి సిఫారసు రాసినవాడు ఆయనే. ఊరి పెద్దలు చుట్టూ ఉన్నారు. ఆయన ఈ ఊరేగింపును చూసి కనుబొమలు ముడిచాడు.

"ఏంది ఆబిద్ మియా, వెట్టివాళ్లా?"

"తౌబా తౌబా! యువజనులు హుజూర్. ఖుషీగ మోస్తుండ్రు."

తహసీల్దారు భూమవ్వను ఎగాదిగా చూశాడు. భూమవ్వ నవ్వింది. ఆ నవ్వులో యవ్వనం కోసం ఆయన చాలాసేపు వెతికాడు.

లాజరు వాకిట్లో ట్రంకు దించాడు. అప్పటికైతే మెడ నొప్పికే దించాడు. "లోపల పెట్టు" అని గిర్దావరు అనేసరికి మాత్రం అతని నోటి నుంచి అతను అనుకోని మాట వచ్చింది.

"ఇష్టం లేదు సాబ్."

"క్యా?"

"సేవంటే ఇష్టంతోటి చేసేది. ఇంతదాంక ఇష్టముండె. ఇప్పుడు లేదు. ఇష్టం లేకున్నా ఎత్తాలంటే దానికింకో పేరున్నది. గా పేరు మీరే చెప్పుండ్రి సాబ్, ఎత్తుతం."

వెనక ఒక్కొక్కటిగా పెట్టెలు, పరుపులు నేలకు దిగిన చప్పుడు. కోళ్ల గంప కూడా దిగింది. గిర్దావరు నోరు తెరిచాడు. తహసీల్దారు వంక చూశాడు. నోరు మూశాడు. మళ్లీ తెరిచాడు. ఆ ఒక్క మాట బయటికి వస్తే తరక్కీ లోపలికి పోతుంది.

చాలాసేపటికి ఆయన గుర్రం దిగి, షేర్వానీ చేతులు పైకి మడిచి, చిరునవ్వుతో తన ట్రంకు తానే ఎత్తుకున్నాడు.

"సేవ నాతోటే షురూ కావాలె హుజూర్" అన్నాడు.

తహసీల్దారు చప్పట్లు కొట్టాడు. అది చూసి ఊరి పెద్దలూ కొట్టారు.

ఆ తర్వాత బాన్సువాడలో సేవ అనే మాట పటేలుకు చేదైంది. సంఘం నుంచి తన వెట్టివాళ్లందరి పేర్లూ కొట్టించి వాళ్లను వెనక్కి తీసుకున్నాడు. లాజరు వాడకు పాత హుకుం మళ్లీ అడ్డం వచ్చింది. ఏసయ్య కొడుకుతో మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టాడు. సభ్యులు తగ్గినా ఆత్మ బలం పెరిగిందని పాస్టరుగారు మిషనుకు ఇంకో జాబు రాశారు.

ఒక పొద్దున లాజరు తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని బడికి పోతున్నాడు. చావడి ముందు భూమవ్వ నడుము వంచి ఊడుస్తోంది. గింజలు మళ్లీ ఇస్తామన్నారట.

"బిడ్డా" అని పిలిచింది.

"ఏందవ్వా?"

"గా సేవ చేసే వారం మల్లెప్పుడు పెడ్తరు?"

లాజరు బడి దిక్కు చూశాడు. బడి గంట కొడుతున్నారు.

"మీటింగుల తీర్మానం చెయ్యాలె అవ్వా" అని, ఆమె ఊడ్చిన మేర తొక్కకుండా పక్కనుంచి జాగ్రత్తగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.