అనౌన్సరమ్మ బొంగురు భాగ్యం

పాఠకులారా, మైకు ముందు కూర్చునే ప్రతి మనిషికీ ఛాతీలో ఒక బ్యాటరీ మిషన్ పెట్టించాలని నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి. మా బస్టాండు అనౌన్సరమ్మ సంగతి విన్నాక మీరే ఒప్పుకుంటారు.

ఆవిడది పసిపిల్లల్ని జోకొట్టే గొంతు. ఫలానా బస్సు ఫలానా ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని ఆవిడ చెబుతుంటే, జనం బెంచీల మీద ఒరిగి హాయిగా కునుకు తీసేవారు. లేచేసరికి బస్సు వెళ్ళిపోయేది. ఫిర్యాదు ఎవరి మీద? ఇంకెవరి మీద, ఆవిడ మీదే!

దానికి తోడు ఆవిడకి ఫిట్స్. డాక్టర్లు మందులు మార్చారు, పెంచారు, ఒకదానికొకటి కలిపారు. ఫిట్స్ మాత్రం లొంగలేదు. ఒకనాడు మైకు ముందే పడిపోయింది. మేనేజరుగారు ఎంతో జాలిపడి, ఆవిడని బస్సుల్లో దొరికిన సామాన్ల గదికి మార్చేశారు. దిక్కులేని గొడుగుల మధ్య, ఒంటి చెప్పుల మధ్య ఆవిడ క్షేమంగా ఉంటుందని ఆయన నమ్మకం. ఆవిడని అడిగారా అంటే, ఆ పనొక్కటే మరిచిపోయారు పాపం.

అప్పుడు ఆసుపత్రి డాక్టరమ్మ ఒక మిషన్ సంగతి చెప్పింది. ఛాతీ పైభాగంలో, చర్మం లోపల చిన్న మిషన్ పెడతారట. దాన్నుంచి మెడలోని నరానికి ఒక తీగ. కొన్ని నిమిషాలకోసారి మిషన్ ఆ నరాన్ని మెల్లగా తట్టి, మెదడుకి కబురు పంపుతుంది. ఫిట్స్ పూర్తిగా పోతాయని మాటివ్వలేనని, తగ్గే అవకాశం మాత్రం ఉందని చెప్పి, డాక్టరమ్మ కాస్త నసిగింది.

“అది తట్టినప్పుడల్లా గొంతు బొంగురుపోతుందమ్మా. మరి మీ ఉద్యోగం...”

“గొడుగులకి ఏ గొంతయినా ఒకటేనండీ,” అంది అనౌన్సరమ్మ.

మిషన్ పెట్టారు. నెలలు గడిచేకొద్దీ ఫిట్స్ నిజంగానే తగ్గాయి. వచ్చేట్టు అనిపిస్తే, వాళ్ళిచ్చిన అయస్కాంతాన్ని మిషన్ మీదుగా ఒక్కసారి పోనిచ్చేది. మిషన్ వెంటనే అదనంగా ఒకసారి తట్టేది. చాలాసార్లు అంతటితో సర్దుకునేది.

ఇక ఇంట్లో చూడాలి! “ఏమండీ, ఆ తడి తువ్వాలు...” అంటుండగా సగంలో గొంతు మారింది. పెళ్ళైననాటి నుంచీ మంచం మీదే ఆరుతున్న తువ్వాలు ఒక్క గెంతులో దండెం ఎక్కింది. అత్తగారు అడక్కుండానే టీవీ సౌండు తగ్గించింది.

ఇంతలో కొత్త అనౌన్సరు కుర్రాడికి జలుబు చేసి గొంతు పూడుకుపోయింది. గత్యంతరం లేక మేనేజరు ఈవిడని పిలిచారు. మొదట తియ్యగానే మొదలుపెట్టింది. మధ్యలో మిషన్ తట్టింది. స్పీకర్లలోంచి పోలీసు పెద్దాయన గద్దించినట్టు బస్సు నంబరు వినబడింది. బెంచీలన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. ప్రయాణికులు ఎక్కారు, సాగనంపడానికి వచ్చినవాళ్ళూ ఎక్కారు. టీ తాగుతున్న డ్రైవరు గ్లాసుతో సహా పరిగెత్తాడు. ఆ రోజు బస్సు తప్పినవాళ్ళు లేరు.

కుర్రాడికి జలుబు తగ్గింది గానీ మైకు మాత్రం ఆవిడ దగ్గరే ఉండిపోయింది. ఒకసారి ఆవిడకి సొంత గొంతుతో చెప్పాలని మనసైంది. అయస్కాంతాన్ని మిషన్ మీద అలాగే ఆనించి పట్టుకుంటే అది తట్టకుండా ఊరుకుంటుంది. అలాగే పట్టుకుని చెప్పింది. బెంచీలు మళ్ళీ కునికాయి. మేనేజరు ఆదరాబాదరాగా వచ్చారు.

“అమ్మా, అది తీసెయ్యండి. మీ గొంతుతో వద్దు, దాని గొంతుతో చెప్పండి.”

“అదీ నా గొంతేనండీ,” అంది ఆవిడ.

మేనేజరుకి అది ఎక్కలేదు. తిన్నగా గదిలోకి వెళ్ళి డాక్టరమ్మకి ఫోన్ చేశారు. తక్కిన అనౌన్సర్లందరికీ అలాంటి మిషన్లు కావాలన్నారు. మందులకి లొంగని ఫిట్స్ ఉన్నవాళ్ళకే పెడతామని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది.

మేనేజరు నొచ్చుకున్నారు.

“భలేవారే డాక్టరుగారూ! ఫిట్స్ ఉన్నవాళ్ళకి మేం మైకు ఎలా ఇస్తామండీ?”