పాలపిట్ట వెనక

ఆ రోజు రిటైర్డ్ లెక్చరర్ ఇస్రాయేలుకు ఉన్నవి రెండే పనులు. పొద్దున్నే స్టూడియోలో ఫోటో ఇవ్వాలి, పదింటికి కాలేజీ హాల్లో పక్షుల ఫోటో ప్రదర్శనకు వెళ్లాలి. మహబూబ్‌నగర్‌లో ఏటా జరిగే ఆ ప్రదర్శన నుంచి మూడేళ్లుగా ఆయన ఫోటోలు తిరిగొస్తున్నాయి. పక్షి బాగానే ఉంటుంది. వెనక నీళ్ల ట్యాంకో, డిష్షో ఉంటుంది. ఈసారిది బట్టల తీగ మీద వాలిన పాలపిట్ట. భార్య ఎస్తేరు బతికుండగా తీసిన చివరి ఫోటో. ఇదొక్కటైనా గోడకెక్కాలని ఆయన ఆశ. పిట్ట వెనక బకెట్లు, పైపులు, బట్టలారేస్తూ మసకగా ఎస్తేరు.

"వెనక మస్తు గజిబిజి ఉంది భాయ్. అసలుది ఒక్కటుంచి తక్కినయన్ని తీసెయ్," అన్నాడు స్టూడియోలో ఫోటో అందిస్తూ.

స్టూడియో తాజుద్దీన్ ఫోటో చూశాడు, సారు కళ్లు చూశాడు. ముసలివాళ్లు తన దగ్గరికి పాత ఫోటోలు తెచ్చేది ఒక్కందుకే. పోయినవాళ్లను విడదీసి పటం కట్టించుకోవడానికి.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. దినాం చేసే పనే. ఎప్పటికి గావాలె?"

"పదింటికి, కాలేజీ హాల్ల. అందరొస్తరు."

"అయితే నేనే తెచ్చి పెడ్త. మీరు జర నిమ్మలంగ రాండ్రి."

ఎస్తేరు పోయి ఎనిమిది నెలలైనా ఆయనకు ఇస్త్రీ అలవాటు కాలేదు. ఒక చొక్కా కాలరు కాలింది. ఇంకొకటి వెతుక్కుని బయల్దేరేసరికి పదిన్నర.

హాల్లో అందరూ తల వంచుకుని నిలబడి ఉన్నారు. ఆయనా వంచాడు. రెండు నిమిషాలయ్యాక పక్కాయన్ని అడిగాడు.

"ఎవలు వోయిండ్రు?"

"పెద్ద పక్షుల సైంటిస్టంట సార్. పేరు యాదికొస్తలేదు."

తలెత్తితే గోడ మీద నీలాకాశం, బంతిపూల దండ, ఎస్తేరు. కింద చీటీ: 'పాలపిట్ట. తీసినవారు: ఇస్రాయేలు.' పిట్ట ఈక కూడా లేదు.

ప్రదర్శన నడిపే ఉమారాణి పరుగున వచ్చింది. "దండేసిన పటమొస్తే మీరే పంపిండ్రనుకున్న సార్. మౌనం పాటిద్దామన్న. తప్పయిందా? తీపిచ్చేద్దునా?"

"పిట్ట ఏది?" అన్నాడు ఇస్రాయేలు. వెనక తాజుద్దీన్, చేతిలో అగరుబత్తీలు. "పిట్టనా సార్? అమ్మకు అడ్డమొచ్చిందని నేనే తీసేసిన."

ఇస్రాయేలు పటం దగ్గరికి నడిచాడు. ఇన్నాళ్లూ ఆయన పిట్టనే చూశాడు. తాజుద్దీన్ మసక తుడిచిన ముఖం ఇప్పుడు తేటగా ఉంది. దులపబోయిన తడిచీర ఎస్తేరు చేతుల్లో అలాగే ఆగిపోయింది. దులిపితే పిట్ట ఎగిరిపోతుందని, ఆయన ఫోటో చెడిపోతుందని, ఊపిరి బిగబట్టి పైకి చూస్తూ నవ్వుతోంది.

"ఉండనియ్యమ్మా," అన్నాడు.

సాయంత్రం న్యాయనిర్ణేతలు ఆ ఫోటో మార్కుల కాగితం మీద రాశారు: 'వెనక భాగం చాలా శుభ్రంగా ఉంది. పక్షి స్పష్టత తక్కువ.'