చూడి ఆవులకు ప్రసూతి సెలవు

మా ఊళ్ళో చూడి ఆవులకు పూర్తి మేతతో కూడిన ప్రసూతి సెలవు మంజూరైనట్టు ఇందుమూలంగా సమస్త ప్రజలకూ తెలియజేయడమైనది. చిలకలూరిపేట చుట్టుపక్కల ఇంత ఉదారమైన తీర్మానం చేసిన ఊరు ఇంకొకటుంటే చూపించండి, ఒప్పుకుంటాం.

దీనికంతటికీ కారణం వీరాంజనేయులు గారి కోడెదూడ. ఆయనకు మిరపా పత్తీ ఎంత పండినా, ఊళ్ళో ఆయన పరువు మాత్రం బండలాగుడు పందేల్లో గెలిచే ఒంగోలు ఎడ్ల మీదే నిలబడి ఉంది. ఆ ఎడ్ల వంశంలో పుట్టింది గనక, దూడ నిలబడటం నేర్చిన రోజే దాని బొమ్మా, మీసం తిప్పుతున్న తన బొమ్మా వేయించి సెంటర్లో ఫ్లెక్సీ కట్టించారు. తీరా పాలపళ్ళు ఊడని దూడల విభాగంలో పందేనికి దించుదామని చూస్తే ఏముంది, మూపురం లేవలేదు. బీజాలు దిగలేదు. పైపెచ్చు పెయ్యదూడకు మల్లే చన్నులు ఉబ్బాయి. మధ్యాహ్నానికల్లా ఫ్లెక్సీ దిగిపోయింది.

దిష్టి అన్నారు కొందరు. పొరుగూరి వాళ్ళు చేతబడి చేయించారన్నారు ఇంకొందరు. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టమనే ఊరు మాది, కాబట్టి రెండూ నమ్మి దూడ మెడలో గంపెడు నిమ్మకాయలు కట్టాం. ఆ తర్వాత గానీ పశువుల డాక్టరు షమా గారు గుర్తుకు రాలేదు. ఆవిడ దూడను చూసి, తల్లి చూడితో ఉన్నప్పుడు ఎక్కడి నీళ్ళు తాగిందని అడిగారు. ఎక్కడిదేముంది, మిరప చేను పక్కన పురుగుమందు డ్రమ్ములు కడిగే గుంటలోవే.

"పరీక్షలు చేయిస్తే గానీ ఖాయంగా చెప్పలేనండి" అన్నారావిడ. "ఈ మందుల్లో కొన్ని ఒంట్లోకి పోయి హార్మోన్లలాగా నటిస్తాయి. తల్లి బాగానే ఉంటుంది. కడుపులో రూపం కడుతున్న బిడ్డ మోసపోతుంది."

ఆ సాయంత్రమే సభ. చూడి ఆవు మందు కలిపే చోటికి రెండు చేల దూరంలోకి రాకూడదని, గుంట నీళ్ళూ కాలవ నీళ్ళూ ముట్టకూడదని, ఫిల్టరు నీళ్ళ టిన్నులు దాని పాక దగ్గరికే చేర్చాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. తల్లి కడుపు గుడితో సమానమనీ, దాన్ని కాపాడుకోలేని జాతి జాతే కాదనీ వీరాంజనేయులు గారు అరగంట ప్రసంగించారు. కళ్ళు తుడుచుకున్న వాళ్ళున్నారు. నేనూ చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొట్టాను.

చప్పట్లు ఆగాక వెనక నుంచి జయకుమారి లేచింది. వీరాంజనేయులు గారి చేలో డ్రమ్ములో మందు పోసి కర్రతో కలిపి, టాంకులు నింపి ఇచ్చేది ఆవిడే. గ్లౌజులూ గట్రా ఏమీ ఉండవు, ముక్కుకు చీర కొంగే అడ్డం. అంతకుముందు రెండు కడుపులు నిలవలేదు.

"నాక్కూడా మూడో నెలండి. ఈ ఒక్కటన్నా దక్కించుకోవాలండి. కలుపు తీస్తాను, కాయ కోస్తాను, ఆ డ్రమ్ము పని మాత్రం నాకొద్దండి" అంది. మందు జోలికి పోవద్దని ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ రాసిచ్చిన కాగితం కూడా చూపించింది.

"ఆవు నోరులేని జీవమమ్మా, దాని బాగు మనమే చూడాలి" అన్నారు వీరాంజనేయులు గారు. "నీకు నోరుంది. నీ బాగు నువ్వు చూసుకోగలవు." నర్సమ్మలు అందరికీ ఇలాంటివే రాస్తారని కాగితం మడిచి తిరిగి ఇచ్చేశారు. సిగ్గుతో చచ్చిపోవాల్సిన మాట అది. సభలో ఉన్నవాళ్ళమంతా తలలూపి టీలు తాగాం.

మర్నాడు ఆవిడ పశువుల ఆసుపత్రికి నడిచి వెళ్ళింది. ఆవుకు రాసినట్టే తనకూ ఒక చీటీ రాసిమ్మంది. తాను పశువుల డాక్టర్ననీ, మనుషులకు రాస్తే చెల్లదనీ షమా గారు నచ్చజెప్పబోయారు.

"మా ఊళ్ళో మీదే చెల్లుతుందమ్మా. మనిషినని రాయబాకండి" అంది జయకుమారి.

డాక్టరు గారు పశువుల చీటీల పుస్తకమే ముందుకు లాక్కున్నారట. అందులో రాశారు: చూడి, మూడో నెల, మందు నీళ్ళ దగ్గరికి తేరాదు. యజమాని పేరు అన్నచోట గీత కొట్టి, ముద్ర వేశారు.

వీరాంజనేయులు గారు కళ్ళజోడు పెట్టుకుని చీటీ రెండుసార్లు చదివారు. ముద్ర తడిమి చూశారు. పశువుల డాక్టరు రాశాక ఇక తిరుగేముందని అక్కడికక్కడే సెలవు మంజూరు చేశారు. ఊరంతా ఆయన మంచి మనసును మెచ్చుకుంది.

మందు తనంతట తాను కలవదు కదా. ఆ పని, పెళ్ళయి రెండు నెలలైనా నిండని ఆరాధనకు అప్పగించారు. కర్ర చేతికిస్తూ జయకుమారి గొంతు తగ్గించి అడిగింది.

"నీకేమన్నా ఉందా?"

"ఏమో అక్కా, ఇంకా తెలీదు."

తెలియందానికి చీటీ ఎవరు రాస్తారు? తెలిశాక తెచ్చుకోమని వీరాంజనేయులు గారు దయతో సెలవిచ్చారు. ఆ పూట ఆరాధన నాలుగు డ్రమ్ములు కలిపింది. ఈ ఏడు మా ఊరి కాయ మహా ఎర్రగా దిగింది. కారం మీ ఇంటికి వచ్చినప్పుడు రంగు చూసి మెచ్చుకోండి. మీరు ఇంతవరకూ అడిగింది రంగొక్కటేగా.