గునపం దిగని వాకిలి

ఆ గురువారం ఉదయం గవర్రాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, వాకిట్లో రెండడుగులు తవ్వాలి, పగిలిన నీళ్ల గొట్టం అతకాలి, మధ్యాహ్నం బి షిఫ్టుకి స్టీల్ ప్లాంటు బస్సెక్కాలి. కంచరపాలెంలోని వాళ్లింటి పెరటి తొట్టిలోకి వారం రోజులుగా మునిసిపాలిటీ నీళ్లు దారంలా వస్తున్నాయి. ఆదివారం కూతురు ధనలక్ష్మి పెళ్లి. మూడు వందల మందికి భోజనాలు.

గునపం పట్టుకుని మెట్టు దిగేసరికి భార్య మంగాయమ్మ పందిరి రాటకి అడ్డంగా నిలబడి ఉంది. రాట పాతి రెండు రోజులే అయింది. పదహారు రోజుల పండగ అయ్యి దాన్ని తీసేదాకా ఆ వాకిట్లో మట్టి పెళ్లగించకూడదని ఆవిడ పట్టు.

"మన పెళ్లికి లారీ తిరగట్లేదని రాట పక్కకి జరిపినారు. ఇరవై నాలుగేళ్లయింది. ఇంట్లో ఏటి ఇరిగినా, ఎవలికి జొరమొచ్చినా మీయమ్మ ఆ రాట సంగతే ఎత్తుతాది. నా కూతురికి ఆ మాట రానివ్వను. గునపం దిగాలంటే ముందు నా మీద దిగాల."

"మరి నీళ్లో?"

"అది నీ పని. పెద్ద ఫిట్టరువి కదా."

పక్కింటి గురునాథరావు గోడ మీంచి తల పెట్టాడు. ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి పోర్టులో గుమాస్తాగా స్థిరపడ్డ మనిషి. ఏనాడూ పంచాంగం తెరవని ఆయన ఆ రోజు శాస్త్రం మాట్లాడాడు.

"చెల్లెమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం. రాట పాతాక భూమిని ముట్టుకోకూడదండీ. తవ్వకం మాట మర్చిపోండి."

ఇంత మంచి మనిషిని ఇన్నాళ్లూ అపార్థం చేసుకున్నానని మంగాయమ్మ నొచ్చుకుంది.

గవర్రాజుకి పౌరుషం వచ్చింది. ప్లాంటులో రైలు పట్టాల కింద గొట్టం పాడైతే పట్టాలు ఎవరు లేపుతారు? పాత ఇనప గొట్టంలోకి సన్నటి ప్లాస్టిక్ పైపు దూరుస్తారు. ఇక్కడా అదే చేస్తానన్నాడు. అరవై అడుగుల నల్ల పైపు చుట్ట తెచ్చి, గేటు దగ్గర గొట్టం విప్పి, దూర్చడం మొదలుపెట్టాడు. బావమరిది సింహాద్రిని పెరట్లో తొట్టి దగ్గర కాపలా పెట్టాడు. గేటు నుంచి అక్కడికి నలభై అడుగులు.

"ఒచ్చిందేట్రా సింహాద్రీ?"

"నేదు బావా."

నలభై అడుగులూ అయిపోయాయి. యాభై కూడా దాటింది.

"లోపల సుట్టలు సుట్టుకుంతందేమో బావా. తొయ్యి, ఆపకు."

అరవయ్యో అడుగుని కూడా గొట్టం మింగేసింది. సింహాద్రి దగ్గర మాత్రం ఏ కొసా కనబడలేదు.

అప్పుడే గురునాథరావు భార్య గంగాభవాని తడి చీరతోనే వీధిలోకి పరుగెత్తుకొచ్చింది. "మా స్నానాల గదిలో నాగుపాము. గోడలోంచి తలెత్తి ఊగుతోంది" అంది.

వీధి వీధంతా కర్రలతో దిగింది. చిత్రమేమిటంటే గురునాథరావు ఎవరినీ లోపలికి రానివ్వలేదు. "పాము లేదు, ఏమీ లేదు, వెళ్లండి" అంటూ గుమ్మానికి చేతులు అడ్డం పెట్టాడు. పాముని ఆయనే పెంచుతున్నాడన్నారు కొందరు. కాదు, రాట తీసుకెళ్లి పాము నెత్తిన పాతారు, అది కదిలి పక్కింటికి పోయిందన్నారు ఇంకొందరు. ఈ రెండో మాట టెలిఫోను బూత్ ఎక్కి గాజువాక చేరింది. గంట తిరక్కుండా పెళ్లికొడుకు తండ్రి కొండలరావు స్కూటరు దిగాడు.

"సెల్లెమ్మా, రాట కింద పామంట. శకునం బాగునేదు. రాట ఇంకో సోట పాతండి. నేకపోతే ముహూర్తం మార్సుకుందాం."

మంగాయమ్మ కొంగు నడుముకి బిగించింది.

"రాట కదల్దు, ముహూర్తం కదల్దు. పామే కదలాల. నాతో రండి అన్నయ్యగారూ."

ఇంకా గుమ్మం వదలని గురునాథరావు చేతుల కిందుగా దూరి నేరుగా స్నానాల గదిలోకి వెళ్లింది. గోడ అడుగున ఒక ఇనప గొట్టం ఉంది. దానికి కుక్కిన గుడ్డని బయటికి నెట్టుకుని మూరెడు నల్ల తల వేలాడుతోంది. కింద వారం క్రితం కట్టించిన కొత్త తొట్టి, ఇద్దరు మనుషులు పడుకునేంతది. మంగాయమ్మ తల పట్టుకుని లాగింది. బారెడు వచ్చింది.

"ఇదేనండి మీ పాము. ఐ.ఎస్.ఐ. ముద్ర కూడా ఉంది."

వెనకాలే వచ్చిన గవర్రాజుకి అప్పుడు వెలిగింది. తన గొట్టం ఎక్కడా పగల్లేదు. వాకిలి కింద ఎవరో దానికి ఇంకో గొట్టం కలిపి నీళ్లు మళ్లించుకున్నారు. తవ్వితే బయటపడేది ఆ అతుకే. గురునాథరావు ఊడిపడ్డ గుడ్డని కాలితో తొట్టి వెనక్కి తోశాడు.

పాము కాదని తేలిన ఉత్సాహంలో కొండలరావు పైపుని బలంగా గుంజాడు. అది అతుకు దగ్గర బిగుసుకుపోయింది. ముందుకి రాదు, వెనక్కి పోదు. గేటు దగ్గర గొట్టం మళ్లీ బిగించాక, మర్నాడు పొద్దున్న వదిలిన నీళ్లన్నీ ఆ పైపు వెంట గురునాథరావు తొట్టిలోనే పడ్డాయి. గవర్రాజు ఇంట్లో చుక్క లేదు.

"తప్పయిపోయింది చెల్లెమ్మగారూ. కూలీలను పెట్టి ఇప్పుడే తవ్వించేస్తాను" అన్నాడు గురునాథరావు.

"తవ్వకూడదు. శాస్త్రం మీరే సెప్పినారు" అంది మంగాయమ్మ. "మా నీళ్లు మీ తొట్టిలో ఉన్నాయి. బిందెలు మా అరుగు మీద ఉన్నాయి. ఇంక మీ ఇష్టం."

గురునాథరావు ఆఫీసుకి సెలవు పెట్టాడు. వంటలకి, మంగళ స్నానాలకి, వచ్చినవాళ్ల కాళ్లు కడుక్కోవడానికి ఆదివారం దాకా నీళ్లు మోస్తూనే ఉన్నాడు. రాట అంగుళం కదల్లేదు, ముహూర్తం నిమిషం దాటలేదు. తాళి పడుతుంటే మంగాయమ్మ మొదటిసారి కళ్లు తుడుచుకుంది.

పందిట్లో ఎటు చూసినా బిందెతో ఆయనే కనిపించడంతో, పెళ్లికొడుకు తరఫు ఆడవాళ్లు మేనమామ ఆయనేననుకుని, సింహాద్రికి పెట్టాల్సిన పట్టుపంచె గురునాథరావుకే పెట్టారు.